కుటుంబ నియంత్రణ భారం ఎవరి మీద పడింది? – హన్మకొండ సభలో చేసిన ప్రసంగ పాఠం

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు, పనుల మధ్య తీరిక చేసుకొని వచ్చిన ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు నా వందనాలు.

ఇద్దరితో ఆపమని గోడల మీది కుటుంబ నియంత్రణ గుర్తు, ఎర్ర త్రికోణం, చెబుతుంటే విని పెరిగిన తరం మాది. ఇప్పుడు దక్షిణాదిలో ముఖ్యమంత్రులే ఎక్కువ మందిని కనమంటున్నారు. ఈ రెండు పిలుపుల నడుమ గడిచిన కాలంలో కుటుంబ నియంత్రణ భారం ఎవరి మీద పడిందో తేల్చుకోకుండా కొత్త విధానం రాసుకోవడం న్యాయం కాదని చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

కుటుంబ నియంత్రణను జాతీయ కార్యక్రమంగా ప్రపంచంలో మొదట చేపట్టింది మన దేశమే, అది 1952లో. ఆ రోజుల్లో ఒక్కో స్త్రీ సగటున ఆరుగురు బిడ్డలను కనేది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆ సగటు దేశంలో 2.0కు, తెలంగాణలో 1.8కి దిగింది. తల్లిదండ్రులిద్దరి స్థానాన్ని తర్వాతి తరం భర్తీ చేయడానికి 2.1 ఉండాలంటారు, పెరిగి పెద్దవాళ్లు కాకముందే దూరమయ్యే పిల్లలను, ఆడపిల్లల కంటే మగపిల్లలు కొంచెం ఎక్కువగా పుట్టడాన్ని లెక్కలో వేసుకుంటే రెండు పైన ఉన్న ఆ 0.1 ఎందుకో అర్థమవుతుంది. మరి రేటు తగ్గినా జనాభా ఇంకా ఎందుకు పెరుగుతోందని విద్యార్థులు తరచూ అడుగుతారు. నిన్నటి పెద్ద కుటుంబాల్లో పుట్టిన ఆడపిల్లలు ఇవాళ తల్లులయ్యే వయసులో ఉన్నారు. ఒక్కొక్కరు ఇద్దరినే కన్నా తల్లుల సంఖ్యే ఎక్కువ కాబట్టి, పెరుగుదల ఆగడానికి కొన్ని దశాబ్దాలు పడుతుంది.

ఈ తగ్గుదల ఎలా వచ్చిందన్నది అసలు ప్రశ్న. ఎమర్జెన్సీలో, 1976–77 ఒక్క సంవత్సరంలోనే, దేశంలో ఎనభై లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. వాటిలో నాలుగింట మూడు వంతులు మగవాళ్లవి, అనేకం బలవంతంగా చేసినవి. 1977లో ప్రభుత్వం ఓడిపోయాక శాఖ పేరులో నియంత్రణ పోయి సంక్షేమం వచ్చింది, కార్యక్రమం పూర్తిగా ఆడవాళ్ల వైపు తిరిగింది. మగవాళ్ల జోలికి వెళ్లడానికి ఆ తర్వాత ఏ పార్టీకీ ధైర్యం చాలలేదు. 2019–21 సర్వేలో దేశం మొత్తం మీద భర్త ఆపరేషన్ చేయించుకున్న జంటలు 0.3 శాతం, తెలంగాణలో పెళ్లయిన స్త్రీలలో నూటికి దాదాపు అరవై మంది ఆపరేషన్ అయినవారే. మగవాళ్లకు చేసే వేసెక్టమీ ఆడవాళ్లకు చేసే ట్యూబెక్టమీ కంటే చిన్నది, సులువైనది అని ఇక్కడున్న ఏఎన్‌ఎం నర్సులకు నేను చెప్పనక్కర లేదు.

జగిత్యాల, నిర్మల్, నిజామాబాద్ పల్లెలకు వెళ్లి చూడండి. భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు, సెలవు మీద వచ్చినప్పుడు బిడ్డ. రెండో కాన్పు కూడా సిజేరియన్ అయితే ఆ కోతలోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేసేస్తారు. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలో అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. కుట్లు ఆరీ ఆరకముందే ఆ తల్లి మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తుంది. ఆమెకు కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది కనుక విశ్రాంతి తీసుకున్న రోజుకు పైసా రాదు. ముప్పై నిండకుండానే కనడం అయిపోయి, నడుము నొప్పితో మిగతా జీవితమంతా పని చేసే ఈ స్త్రీల వల్లనే మన రాష్ట్రానికి జనాభాను అదుపు చేసిందన్న పేరు వచ్చింది.

ప్రాణాలు కూడా పోయాయి. ఆపరేషన్ల శిబిరాలను మూడేళ్లలో నిలిపివేయాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో శిబిరం పెట్టి చేసిన ఆపరేషన్ల తర్వాత నలుగురు తల్లులు చనిపోయారు. ఆ తీర్పు పాటించి ఉంటే వాళ్లు బతికేవారని నా నమ్మకం.

పంచాయతీ ఎన్నికల్లో నామినేషన్ల పరిశీలన చూసినవారికి ఇద్దరు పిల్లల నిబంధన గుర్తుంటుంది. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం, 1995 మే నెలాఖరు తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి అనర్హులయ్యేవారు. పుట్టిన తేదీ సర్టిఫికెట్ పట్టుకుని ప్రత్యర్థి వచ్చేవాడు. ఎన్నో ఏళ్ల కింద పుట్టిన బిడ్డ గురించి తల్లి అందరి ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. రిజర్వేషన్ వల్ల మొదటిసారి సర్పంచ్ కాదగిన దళిత, గిరిజన స్త్రీని ఆపింది చాలాచోట్ల ఆ నిబంధనే, అదీ ఎందరిని కనాలన్న నిర్ణయం ఆమె చేతిలో లేని ఇళ్లలో. ఆంధ్రప్రదేశ్ 2024లో దాన్ని రద్దు చేసింది, తెలంగాణ ప్రభుత్వం 2025లో తొలగించాలని నిర్ణయించింది. ఈ నిర్ణయాన్ని నేను మనసారా స్వాగతిస్తున్నాను. అయితే ఎక్కువ మందిని కనాలన్న ఆలోచనతో కాదు, ఆ స్త్రీకి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దాలన్న ఆలోచనతో అది జరిగి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి.

ఇక సీట్ల సంగతి. రాష్ట్రాలకు జనాభాను బట్టి జరిగే లోక్‌సభ స్థానాల పంపకాన్ని 1976లో 42వ రాజ్యాంగ సవరణ 1971 జనాభా లెక్కల దగ్గర ఆపింది. 84వ సవరణ దాన్ని 2026 తర్వాతి మొదటి జనగణన దాకా పొడిగించింది. చెప్పినట్టు విని జనాభా తగ్గించుకున్న రాష్ట్రాలకు పార్లమెంటులో బలం తగ్గకూడదన్న వాదన న్యాయమైనది, దాని కోసం గట్టిగా కొట్లాడాలి. కానీ ఆ కొట్లాట పార్లమెంటులో జరగాలి, కాన్పుల వార్డులో కాదు. పైగా కనమన్నంత మాత్రాన కనరు. చైనా 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి అనుమతించినా 2022 నుంచి జనాభా తగ్గుతూనే ఉంది. దక్షిణ కొరియా ఎంతో డబ్బు పోసినా 2023లో రేటు 0.72కు పడింది. ఉద్యోగం, ఇల్లు, చదువుల ఖర్చు, బిడ్డను ఎవరు చూసుకోవాలన్న ప్రశ్న అక్కడ తేలలేదు. ఇక్కడా తేలలేదు. మన పల్లెల్లో ఇద్దరితోనో ఒక్కరితోనో ఆపుతున్న జంటలు ముందుగా చెప్పేది ప్రైవేటు బడి ఫీజు గురించే.

పనిచేసే చేతులు తగ్గితే ఏమవుతుందో కూడా ఉత్తర తెలంగాణలో ఇప్పటికే కనబడుతోంది. కరీంనగర్ రైసు మిల్లుల్లో బిహార్ హమాలీలు, పెద్దపల్లి ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు పని చేస్తున్నాయి. బట్టీ దగ్గర పెరిగే ఆ పిల్లలు మన జనాభాలో భాగం కాదా? వాళ్లకు బట్టీకి దగ్గర్లో, వాళ్ల భాషలో బడి కావాలి. బీడీలు చుట్టే తల్లులకు సాయంత్రం దాకా తెరిచి ఉండే అంగన్‌వాడీ కావాలి, అది నడిపే టీచరుకు అందుకు తగ్గ జీతం కావాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో భార్యతో పాటు భర్తనూ కూర్చోబెట్టి వేసెక్టమీ గురించి చెప్పాలి. ఆపరేషన్ ఒక్కటే కాకుండా మాత్రలు, కాపర్ టీ, ఇంజెక్షన్ కూడా ఉన్నాయని పెళ్లయిన కొత్తలోనే ఇద్దరికీ తెలియాలి. ఈ నాలుగింటికి ఎంత ఖర్చవుతుందో మండలాల వారీగా లెక్క వేసి, వచ్చే జిల్లా ప్రణాళికలోనే పెట్టించాలని ఈ సభ తరఫున కోరుతున్నాను.