సెయింట్ లూయిస్ సేఫేనా? హత్యల లెక్కలో హారం సంగతి

అందరికీ నమస్కారం. ఈ హాల్లో రెండు తరాల వాళ్లున్నారు. ఉద్యోగాలకని వచ్చి ఇక్కడే స్థిరపడినవాళ్లు, వాళ్లను చూడటానికి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చి ఆర్నెల్లు ఉండి వెళ్లే అమ్మానాన్నలు. పెద్దవాళ్లు విమానం ఎక్కకముందే యూట్యూబ్‌లో "అమెరికాలో అత్యంత ప్రమాదకరమైన నగరాలు" లాంటి వీడియో ఏదో ఒకటి చూసే ఉంటారు. అందులో సెయింట్ లూయిస్ పేరు పైపైనే ఉంటుంది. మీ అబ్బాయేమో ఫోన్‌లో "ఏం కాదమ్మా, మా దగ్గర అంతా ప్రశాంతమే" అంటాడు. ఆ వీడియోలోని అంకె తప్పు కాదు, మీ అబ్బాయి చెప్పేదీ అబద్ధం కాదు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయన్నదే ఇవాళ నా విషయం.

2020లో సెయింట్ లూయిస్ నగరంలో 263 హత్యలు జరిగాయి. అదే ఏడాది జనాభా లెక్కల ప్రకారం నగరంలో ఉన్నది 3,01,578 మంది. భాగిస్తే లక్ష మందికి 87 వస్తుంది. ఎఫ్‌బీఐ అంచనాలో ఆ సంవత్సరం దేశం మొత్తం మీద రేటు లక్షకు 7 లోపే. అంటే ఇక్కడ దానికి పన్నెండు రెట్లకు పైమాట.

దొంగతనాలు, దాడులు ఉండగా హత్యలనే ఎందుకు పోలుస్తారు? పర్సు పోతే చాలామంది పోలీసుల దగ్గరికే వెళ్లరు. దాడిని ఒక ఊరి పోలీసులు ఒక సెక్షన్ కింద రాస్తే ఇంకో ఊరివాళ్లు మరో సెక్షన్ కింద రాస్తారు. శవాన్ని మాత్రం లెక్కలోంచి తప్పించడం కష్టం. అలాగని ఇక్కడా మెలికలు లేకపోలేదు. షికాగోలోని ఎక్స్‌ప్రెస్‌వేల మీద జరిగే హత్యల కేసులు ఇల్లినాయ్ రాష్ట్ర పోలీసులు చూస్తారు కాబట్టి అవి షికాగో నగర పోలీసుల లెక్కలోకి రావు. 2001 సెప్టెంబర్ 11 మృతులను న్యూయార్క్ ఆ ఏటి హత్యల సంఖ్యలో కలపలేదు. అయినా మిగతా నేరాలతో పోలిస్తే ఇది చాలా నమ్మదగ్గ లెక్క. కాబట్టి పేచీ లవంలో, అంటే హత్యల సంఖ్యలో కాదు, హారంలో, అంటే దాన్ని భాగించే జనాభాలో ఉంది.

2023 అంకెలు చూడండి. షికాగోలో 617 హత్యలు, న్యూయార్క్‌లో 391, కాన్సాస్ సిటీలో 180 పైన, మన సెయింట్ లూయిస్‌లో 158. టీవీలో రోజూ వినపడేది షికాగో పేరు. లక్షకు ఎంతమంది అని చూస్తే న్యూయార్క్‌లో 5 లోపు, షికాగోలో 23 దరిదాపు, కాన్సాస్ సిటీలో 36 దగ్గర, సెయింట్ లూయిస్‌లో 50 దాటి. మన మిస్సోరీ రాష్ట్రంలోనే ఉన్న కాన్సాస్ సిటీలో మనకంటే ఎక్కువమంది చనిపోయారు, కానీ పట్టికలో మనం పైన ఉన్నాం. కాన్సాస్ సిటీ చుట్టుపక్కల ప్రాంతాలను కలుపుకుంటూ మూడు వందల చదరపు మైళ్లకు పైగా పెరిగింది. సెయింట్ లూయిస్ 62 చదరపు మైళ్ల దగ్గరే ఆగిపోయింది.

ఎందుకు ఆగిందంటే 1876 దాకా వెళ్లాలి. అప్పుడు నగరం దగ్గర డబ్బుంది, చుట్టూ ఉన్న కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఉన్నవి పొలాలూ పల్లెలూ. మా పన్నులతో మీకు రోడ్లెందుకు వెయ్యాలని, సంపాదించే అన్న ఉమ్మడి కుటుంబంలోంచి వేరుపడ్డట్టు నగరం కౌంటీ నుంచి విడిపోయింది. ఆ గీత ఇప్పటికీ అలాగే ఉంది. తర్వాత డబ్బు, మనుషులు, ఉద్యోగాలు గీత దాటి అటువైపు వెళ్లిపోయాయి. ఇప్పుడు కౌంటీలో దాదాపు పది లక్షల మంది ఉన్నారు. ఈ హాల్లో ఉన్నవాళ్లలో ఎంతమంది కౌంటీలోని చెస్టర్‌ఫీల్డ్, బాల్విన్, మేరీల్యాండ్ హైట్స్ నుంచి వచ్చారో చేతులెత్తమంటే నాకు తెలుసు ఎన్ని లేస్తాయో. మీరంతా మీ ఊళ్లో "మావాడు సెయింట్ లూయిస్‌లో ఉంటాడు" అనే చెబుతారు. హత్యల రేటుకి మాత్రం మీరు ఆ నగరంలో లేరు. డౌన్‌టౌన్ ఆఫీసుకో, బుష్ స్టేడియంలో బేస్‌బాల్ మ్యాచ్‌కో వెళ్లినప్పుడు మీకేదైనా అయితే లవంలో చేరతారు, హారంలో ఎప్పటికీ చేరరు.

2020 నాటి 263ని నగరం, కౌంటీ రెండింటి జనాభాతో భాగిస్తే లక్షకు 20 వస్తుంది. కౌంటీలో జరిగిన హత్యలు కూడా కలపాలి కనుక అసలు రేటు అంతకంటే ఎక్కువే, కానీ 87 దరిదాపులకు రాదు. ఇలాంటి పట్టికల్లో తరచూ పైన కనిపించే మరో ఊరు బాల్టిమోర్. అది కూడా 1851లోనే తన కౌంటీ నుంచి విడిపోయింది. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ దీనికి తిరగేసిన కథ. 1968లో డువాల్ కౌంటీతో కలిసిపోయింది, కాబట్టి శివార్లలోని ప్రశాంతమైన కాలనీలన్నీ దాని సగటును కిందికి లాగుతాయి. ఈ అంకెలతో నగరాలకు ర్యాంకులివ్వొద్దని ఎఫ్‌బీఐ ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. వ్యూస్ కావాల్సినవాళ్లకు అది వినపడదు.

జనాభా తగ్గే ఊళ్లలో ఇంకో చిక్కుంది. సెయింట్ లూయిస్‌లో 1993లో 267 హత్యలు, అంటే 2020 కంటే నాలుగు ఎక్కువ. రేటు మాత్రం అప్పుడు లక్షకు 70 లోపు, 2020లో 87. మధ్యలో దాదాపు లక్షమంది ఊరు వదిలి వెళ్లిపోయారు. డెట్రాయిట్ 2024లో 203 హత్యలతో 1965 తర్వాత అతి తక్కువ సంఖ్య నమోదైందని ప్రకటించుకుంది. నిజమే, సంతోషించాల్సిన విషయమే. కానీ 1965లో ఆ ఊళ్లో పదహారు లక్షల మంది ఉండేవాళ్లు, ఇప్పుడు ఆరున్నర లక్షల లోపే. అప్పటి రేటు లక్షకు 13 దాటదు, ఇప్పుడు 31. సంఖ్య చెప్పేవాడూ రేటు చెప్పేవాడూ తనకు పనికొచ్చేదే చెబుతాడు.

ఇంతవరకు విని చాలామంది హమ్మయ్య అనుకుంటారు. అక్కడే నాకు అభ్యంతరం. హారం మారిస్తే రేటు తగ్గుతుంది, కానీ ఆ 263 మందిలో ఒక్కరూ తగ్గరు. నగరం నడిమధ్యలో డెల్మార్ బూలవార్డ్ అని ఒక రోడ్డుంది, మీలో చాలామంది దాన్ని దాటి ఉత్తరానికి వెళ్లి ఉండరు. దానికి ఉత్తరాన ఉండేవాళ్లలో అత్యధికులు నల్లజాతివాళ్లు. హత్యలు కూడా ఎక్కువ అటువైపే. ఆ విభజన దానంతటది ఏర్పడలేదు. ఏ జాతివాళ్లు ఏ బ్లాకులో ఉండాలో నిర్ణయించే చట్టానికి 1916లో ఈ నగర ఓటర్లే ఓటేశారు. నల్లవాళ్లకు ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లో రాసుకునే షరతులను కోర్టులు అమలు చెయ్యకూడదని 1948లో సుప్రీంకోర్టు తేల్చిన షెల్లీ కేసు కూడా ఇక్కడి లబాడీ అవెన్యూలోని ఒక ఇంటిదే. తర్వాత అదే ఉత్తర భాగంలో ప్రూయిట్-ఐగో పేరుతో పేదల కోసం 33 భారీ ప్రభుత్వ గృహ భవనాలు కట్టి, నిర్వహణకు డబ్బు పెట్టకుండా పాడుబెట్టి, 1972 నుంచి కూల్చేశారు. దేశం మొత్తం మీద నల్లవాళ్లు జనాభాలో ఏడో వంతు, హత్యకు గురయ్యేవాళ్లలో సగానికి పైన.

అందుకే "ఈ నగరం సేఫేనా" అన్న ప్రశ్నే నాకు నచ్చదు. సియాటెల్‌లో నేరశాస్త్రవేత్త డేవిడ్ వైస్‌బర్డ్ బృందం వీధి వీధీ లెక్కేసి చూస్తే, నాలుగైదు శాతం వీధుల్లోనే ఊరి నేరాల్లో సగం జరుగుతున్నాయని తేలింది. మిగతా పెద్ద నగరాల్లోనూ దాదాపు ఇదే తీరు. నగరం సగటు ఎవరి జీవితాన్నీ చెప్పదు, చెస్టర్‌ఫీల్డ్‌లో ఉండే మీదీ కాదు, డెల్మార్‌కు ఉత్తరాన ఉండే తల్లిదీ కాదు.

మనవాళ్ల సంగతి రెండు మాటలు. రాత్రిపూట గ్యాస్ స్టేషన్‌లోనో కన్వీనియన్స్ స్టోర్‌లోనో ఒంటరిగా కౌంటర్‌లో కూర్చునే కుర్రాడి రిస్క్ వేరు, ఊరు ఏదైనా సరే. దాని గురించి టెన్షన్ పడటంలో అర్థముంది. ఇంకొకటి కారు. ఈ దేశంలో ఏటా హత్యల కంటే రోడ్డు ప్రమాదాల్లో దాదాపు రెట్టింపు మంది చనిపోతారు. వాటికి టాప్ టెన్ వీడియోలు రావు గానీ, పిల్లలకు ఫోన్ చేసినప్పుడు సీటు బెల్టు గురించి కూడా అడగండి.

పోల్చాలనే ఉంటే ఊరిని పక్క ఊరితో కాకుండా దానితో దాన్నే పోల్చండి. గీత మారదు కాబట్టి లెక్క నిలుస్తుంది. న్యూయార్క్‌లో 1990లో 2,245 హత్యలు, 2017లో 292. సెయింట్ లూయిస్ 2020 నాటి 263 నుంచి 2024లో 150కి దిగింది. ఈ నాలుగేళ్లలో జనం కొంత తగ్గిన మాట నిజమే, దానివల్ల వచ్చే తేడా మాత్రం చిన్నది. ఎందుకు తగ్గాయంటే పోలీసులు తమవల్లే అంటారు, గల్లీల్లో గొడవలు ఆపే స్వచ్ఛంద కార్యకర్తలు తమవల్లే అంటారు. కోవిడ్ ఏడాది పెరుగుదల దానంతటదే చల్లారిందనే వాళ్లూ ఉన్నారు. దేశమంతటా ఒకేసారి తగ్గింది కనుక ఏ ఒక్క మేయర్‌కీ పూర్తి క్రెడిట్ ఇవ్వడానికి నాకు మనసొప్పదు.

ఇక ప్రశ్నలు అడగండి. ఫలానా అపార్ట్‌మెంట్ తీసుకోవచ్చా అని మాత్రం నన్నడక్కండి. నగర పోలీసు శాఖ వెబ్‌సైట్‌లో పేటలవారీగా లెక్కలుంటాయి. ఒక నెలది కాకుండా మూడు నాలుగేళ్లవి చూసి, ఆ వీధిలో సాయంత్రం ఒకసారి నడిచి చూడండి.