ఉదయగిరికి ఒక్క రోజు: లెక్క కొండ నుంచి మొదలుపెడదాం

(తెరపై: తెల్లవారుజాము. కొండ అంచు మీద పలుచని వెలుగు, కింద ఊరి దీపాలు.)

నమస్కారం. నెల్లూరు జిల్లాలో వెలిగొండల ఒడిలో ఉన్న ఉదయగిరికి పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరేలా ప్రయాణం ఎలా వేసుకోవాలో ఈ రోజు చెబుతాను. ఊరు చిన్నదే, పక్కనున్న కొండ మాత్రం చిన్నది కాదు. దాని మీదున్న దుర్గం ఎత్తు సముద్రమట్టం నుంచి 3,079 అడుగులు, అంటే దాదాపు 940 మీటర్లు.

మొదటిసారి మా నాన్నతో కలిసి వెళ్లినప్పుడు టిఫిన్ తిని, ఊరంతా తిరిగి, పది గంటలకు కొండ ఎక్కడం మొదలుపెట్టాం. సగం దూరానికే రాళ్లు కాలాయి, నీళ్లు అయిపోయాయి. కోట గోడను కింది నుంచే చూసి దిగివచ్చాం. నాన్నకు ఆ కొండ చూపించలేకపోయానన్న వెలితి చాలా రోజులు ఉండిపోయింది. అందుకే చెబుతున్నాను: ఈ ప్రయాణాన్ని ఇంటి దగ్గర నుంచి లెక్క వేయకండి. కొండ మీద మీరు ఏ గంటకు ఉండాలో ముందు నిర్ణయించుకోండి. మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకోవచ్చు.

(తెరపై: కొండ బొమ్మ, పక్కన ఎత్తు, గంటలు.)

ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది? స్కాట్లాండ్‌కు చెందిన విలియం నైస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు. ప్రతి ఐదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, దానిపైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. కొండలు ఎక్కేవాళ్లు నేటికీ దీన్ని వాడుతున్నారు. అయితే ఇది అలవాటున్న కాళ్లకు, మంచి దారికి, మధ్యలో ఆగకుండా నడిచేవారికి సరిపోయే లెక్క. పిల్లలు, పెద్దలు, ఫోటోలు, కూర్చుని నీళ్లు తాగడం అన్నీ కలుపుకుంటే మూడు గంటలు పెట్టుకోండి. దిగడానికి రెండు గంటలు. మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడే కాబట్టి ఆ రెండు గంటల్లో కోత పెట్టవద్దు. పైన చూడడానికి ఒక గంట. మొత్తం ఆరు గంటలు.

ఎండ ముదరకముందే పైకి చేరాలి. ఎత్తుకు వెళ్లే కొద్దీ గాలి చల్లబడుతుంది. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి పైన హాయిగానే ఉంటుంది. ఇబ్బంది దారిలోనే. బండరాయి ఎండను పీల్చుకుని తిరిగి మన మీదికే వదులుతుంది. అందువల్ల జనవరిలో వెళితే ఆరున్నరకు, తెల్లవారగానే, మొదటి మెట్టు ఎక్కండి. తొమ్మిదిన్నరకు పైన ఉంటారు. పన్నెండున్నరకు ఊళ్లో ఉంటారు.

ఇక ఇంటి నుంచి బయలుదేరే సమయం దానంతట అదే తేలుతుంది. నెల్లూరు నుంచి సంగం, ఆత్మకూరు మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. సొంత బండి అయితే తెల్లవారుజామున నాలుగుకు ముందే కదలాలి. ఒంగోలు వైపు వారికి కనిగిరి, పామూరు మీదుగా దారి ఉంది. రైల్లో వచ్చేవారు కావలిలో దిగి బస్సు ఎక్కవచ్చు. బస్సునే నమ్ముకున్నవారు ముందురోజు సాయంత్రమే ఊరు చేరి పడుకోవడం మేలు. ఏ బస్సులో వచ్చినా, దిగగానే తిరుగు ప్రయాణానికి ఆఖరి బస్సు ఎప్పుడో స్టాండులో అడిగి రాసుకోండి.

ఏ నెలలో వెళ్లాలి? మన జిల్లాకు వర్షం ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య కురుస్తుంది. తుపాను రోజుల్లో తడి బండల మీద కాలు నిలవదు. మే నెల సంగతి చెప్పనక్కరలేదు. సంక్రాంతి నుంచి ఫిబ్రవరి చివరి వరకు నాకు నచ్చిన కాలం.

(తెరపై: సంచిలో సర్దుతున్న వస్తువులు.)

మనిషికి మూడు లీటర్ల నీళ్లు. పైన కోనేళ్లు ఉన్నాయి కదా అని వాటి మీద ఆధారపడవద్దు. పులిహోర పొట్లాలు కట్టుకోండి, మధ్యాహ్నం దాకా పాడవదు. పొదలకూరు నిమ్మకాయలు నాలుగు, కాస్త ఉప్పు ఉంటే అలసట తీరుతుంది. చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. ఇది అడవి కొండ, ఒంటరిగా వెళ్లకండి. దారి తెలిసిన స్థానికుణ్ణి వెంట తీసుకుని, ఆయన శ్రమకు తగిన డబ్బు ముందే మాట్లాడుకోండి.

(తెరపై: కోట గోడలు, శిథిలమైన ద్వారం.)

ఇంత కష్టపడి ఎందుకు ఎక్కాలంటారా? ఎక్కుతుంటే తెలుస్తుంది. ఒడిశా రాజులైన గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించాడు. ఏడాదిన్నర పోరాడితే గానీ దక్కలేదని చరిత్ర. తర్వాత విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఈ ముట్టడి గురించి రాస్తూ, కోటకు ఒకే ఒక్క ఇరుకు దారి ఉండేదని, మనుషులు ఒకరి వెనక ఒకరు మాత్రమే వెళ్లగలిగేవారని, రాయలు బండలు పగలగొట్టించి వెడల్పాటి దారులు వేయించాడని చెప్పాడు. ఊపిరి అందక మీరు ఆగిన చోట ఆ మాట గుర్తు చేసుకోండి. ఆయుధాలు మోస్తూ, పైనుంచి దాడిని కాచుకుంటూ ఎక్కినవాళ్ల కష్టం ఒంటికి తెలుస్తుంది. ఏ చరిత్ర పాఠమూ నాకు అంత దగ్గరగా రాలేదు.

గెలిచాక రాయలు ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకువెళ్లి, అక్కడ గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. హంపీలో కృష్ణాలయం చూసినవారు ఉదయగిరి కూడా చూడాలని నా కోరిక. పైన మసీదులున్నాయి, వాటిలో పారశీక శాసనాలున్నాయి. కింద ఊళ్లో రంగనాయక స్వామి గుడి ఉంది. ఎన్ని చేతులు మారిందో ఈ కొండ తన మీదే రాసుకుంది. గోడల మీద మీ పేర్లు మాత్రం చెక్కకండి, చేతులు జోడించి అడుగుతున్నాను.

భైరవకోన కూడా అదే రోజు చూసి వచ్చేద్దామని కొందరు అంటారు. వద్దు. సీఎస్ పురం మండలంలోని ఆ కోనలో ఒకే కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలున్నాయి, జలపాతం ఉంది. దానికి దాని రోజు ఇవ్వండి.

(తెరపై: చెక్కను చెక్కుతున్న చేతులు, నేల మీద రాలుతున్న పొట్టు.)

మధ్యాహ్నం భోజనం చేసి నీడపట్టున కాసేపు కూర్చున్నాక, చెక్క స్పూన్లు చేసే ఇళ్ల వైపు వెళ్లండి. ఉదయగిరి చెక్క వస్తువులకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. నర్ది వంటి కర్రతో స్పూన్లు, ఫోర్కులు, గరిటెలు చేస్తారు. ఇళ్లలో ఆడవాళ్ల చేతులు ఈ పనికి పెట్టింది పేరు. నేరుగా వారి దగ్గరే కొనండి, మరీ బేరమాడకండి. ఒక్క గరిటె పిడి మీద లత చెక్కడానికి ఎంత ఓపిక కావాలో ఐదు నిమిషాలు పక్కన కూర్చుని చూస్తే ధర తగ్గించమని మీకే అడగబుద్ధి కాదు.

ఇంటికి తెచ్చుకున్న గరిటెను నీళ్లలో నానబెట్టవద్దు. కడిగి, గుడ్డతో తుడిచి, నీడలో ఆరనివ్వండి. ఎండలో పెడితే చెక్క పగులుతుంది.