వోలెండామ్ అమ్మాయి పాస్టెల్ పోర్ట్రెయిట్ రివ్యూ: టోపీ అద్భుతం, బుగ్గ దగ్గర దెబ్బ

నమస్కారమండీ. ఈ రోజు రివ్యూ ఒక పాస్టెల్ పోర్ట్రెయిట్ మీద, అంటే పొడి రంగు కడ్డీలతో వేసిన ముఖచిత్రం. సంతకం లేదు. భుజాల వరకూ ఉన్న అమ్మాయి, వోలెండామ్ వేషం. ఆమ్‌స్టర్‌డామ్‌కి ఉత్తరాన ఉన్న జాలర్ల ఊరది. 1881లో అక్కడ స్పాండర్ హోటల్ పెట్టాక చిత్రకారులు వరసకట్టారు. ఈ వేషంలో ఇన్ని బొమ్మలు కనబడేది అందుకే.

ముందు ఆ టోపీ చూడండి. పేరు హుల్. గంజి పెట్టిన లేసు, మొనదేలిన నెత్తి, చెవుల దగ్గర పైకి తిరిగిన రెక్కలు. బూడిద రంగు కాగితం మీద నీడకి నీలి బూడిద, వెలుగు వైపు మీగడ రంగు వేశారు. అచ్చ తెలుపు ఎడమ రెక్క అంచున మాత్రమే! లేసు కంతల్లో కనిపిస్తున్నది ఉత్త కాగితం. తెల్ల టోపీయే కదా అని మొదటే తెల్ల కడ్డీతో నింపేస్తే, తర్వాత వెలుగు చూపించడానికి అంతకు మించిన తెలుపు దొరకదు. ఇంకోటి, ఫిక్సేటివ్ (పొడి రాలకుండా కొట్టే స్ప్రే) తెలుపుని మసకబారుస్తుంది. కొట్టాలంటే పొరల మధ్యలో, అడుగు దూరం నుంచి, పలచగా. చివరి తెలుపు పడ్డాక వద్దు.

మెడలో మూడు వరసల పగడాలు. ఒక్కో పూసకి ముదురు ఎరుపు, పక్కన వెర్మిలియన్ (నారింజ ఛాయ ఎరుపు), పైన లేత గులాబి చుక్క. అక్కడ తెల్ల చుక్క పెడితే గాజుపూస అయిపోయేది. పగడాలు మన ఇళ్లలోనూ ఉంటాయి కాబట్టి ఆ తేడా మన కంటికి ఇట్టే తెలుస్తుంది.

రవిక నలుపు మాత్రం చప్పగా ఉంది. ముదురు నీలం మీద బ్రౌన్ వేసుంటే లోతు వచ్చేది.

అసలు దెబ్బ బుగ్గ దగ్గర. వేలితో బాగా రుద్దేశారు. పాస్టెల్‌కి ఆ కాంతి పొడి రేణువుల వల్లే వస్తుంది. రుద్దితే అవి కాగితం గరుకులోకి కూరుకుపోయి రంగు చచ్చిపోతుంది, పైన వేసేదీ నిలవదు. దవడ కింద చూడండి, చివరి గులాబి గీతలు జారిపోయాయి. మీకూ ఇలా అయితే బోర్డు నిలువుగా పెట్టి, బిరుసు బ్రష్‌తో పొడి దులపండి. నోటితో ఊదకండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత పిండిలా మెత్తటి ఎరేజర్‌ని అద్ది తీయండి, రుద్దొద్దు. అప్పుడు ఓకర్ (మట్టి పసుపు), గులాబి, నీడలో కాస్త ఆకుపచ్చ పక్కపక్కన గీతలుగా వేసి వదిలేయండి.

కాన్సన్ మి-తేంత్ కాగితం వాడేవాళ్లు ముఖానికి నున్నటి వైపు తీసుకోండి. రెండో వైపు తేనెపట్టు గళ్లు చర్మం మీద తేలతాయి.

ఈ బొమ్మ నేను కొనమనే చెబుతాను, ఆ టోపీ కోసం. కాకపోతే ఫ్రేములో గ్లాసు బొమ్మకి ఆనుకునే ఉంది, పొడి అప్పుడే అంటుకుంటోంది. కొన్న వెంటనే 3, 4 మిల్లీమీటర్ల ఖాళీ వచ్చేలా మౌంట్ (బొమ్మ చుట్టూ వేసే అట్ట చట్రం) వేయించండి. అక్రిలిక్ షీటు మాత్రం వద్దు, దాని స్టాటిక్ విద్యుత్తు పొడిని లాగేస్తుంది.