రెండు రాష్ట్రాల గవర్నరు, ఒక దేశానికి అధ్యక్షుడు: సామ్ హూస్టన్ కథ

[తెర మీద: హూస్టన్ నగరం, తర్వాత టెక్సాస్ పటం]

అమెరికాలో తెలుగువాళ్లు స్థిరపడిన పెద్ద నగరాల్లో హూస్టన్ ఒకటి. ఆ ఊరు ఎవరి పేరు మీద వెలిసిందో ఆ సామ్ హూస్టన్, టెనెసీకీ టెక్సాస్‌కూ ప్రజలు ఎన్నుకున్న గవర్నరు. టెక్సాస్ స్వతంత్ర దేశంగా ఉన్న రోజుల్లో దానికి అధ్యక్షుడు కూడా. అయితే రెండు గవర్నరు పదవుల్లోనూ ఆయన గడువు తీరేదాకా నిలవలేదు. ఒకటి తానే వదిలేశాడు, రెండోది తల వంచనందుకు పోయింది.

1793లో వర్జీనియాలో పుట్టిన హూస్టన్, తండ్రి పోయాక తల్లితో టెనెసీ సరిహద్దు ప్రాంతానికి చేరాడు. దుకాణంలో గుమాస్తా పని నచ్చక 16వ ఏట ఇల్లు వదిలి అక్కడి ఆదివాసీ తెగ చెరోకీల దగ్గరికి వెళ్తే, వారి పెద్ద ఊలూటెకా అతన్ని కొడుకుగా చేరదీశాడు.

[తెర మీద: హార్స్‌షూ బెండ్, 1814 మార్చి 27]

తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్ సేన, క్రీక్ అనే ఆదివాసీ తెగ యోధుల దుంగల గోడ మీదికి ఎగబాకినప్పుడు, అందులో ఉన్న హూస్టన్ తొడలో ముళ్ల బాణం దిగింది. పక్కనున్న అధికారి లాగబోయి, అది రాక వెనకాడితే, కత్తి ఎత్తి బెదిరించి మరీ లాగించుకున్నాడు. ఇక పోరుకు వెళ్లవద్దని జాక్సన్ చెప్పినా వినక మళ్లీ దూకి, భుజంలో తుపాకీ గుండ్లు దిగబడి కూలిపోయాడు. ఆ గాయాలు జీవితాంతం పూర్తిగా మానలేదు. ఆ తెగువ జాక్సన్ అండను సంపాదించిపెట్టింది. తర్వాత కొద్ది ఏళ్లకే ప్రభుత్వ ప్రతినిధిగా, తనను పెంచుకున్న చెరోకీలనే పడమటికి తరలించే పనిలో పాలుపంచుకున్నాడు. ఆయన్ని పొగిడేవాళ్లు ఈ మాట తొందరగా దాటేస్తారు.

1827లో టెనెసీ గవర్నరయ్యాడు. 1829 జనవరిలో ఎలైజా అలెన్‌ను పెళ్లాడితే, పదకొండు వారాలకే ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. కారణం ఇద్దరూ బయటపెట్టలేదు. ఏప్రిల్‌లో హూస్టన్ రాజీనామా చేసి, పడమటికి వెళ్లిన చెరోకీల చెంతకే చేరి, తాగుడులో మునిగిపోయాడు. 1832లో వాషింగ్టన్ వీధిలో ఒక కాంగ్రెస్ సభ్యుణ్ణి చేతికర్రతో చితకబాది సభ చేత మందలింపు తిన్నాడు. ఆ ఏడాది చివర టెక్సాస్ దారి పట్టాడు.

అప్పటికి టెక్సాస్ మెక్సికోలో భాగం; విడిపోవడానికి అక్కడివాళ్లు తిరగబడ్డారు. 1836లో వాళ్ల అలమో కోట మెక్సికో సేన చేతికి చిక్కాక, తిరుగుబాటు సేనాపతి హూస్టన్ వారాల తరబడి వెనక్కి తగ్గుతూ పోవడంతో సొంత మనుషులే పిరికివాడన్నారు. ఏప్రిల్ 21 మధ్యాహ్నం సాన్ జసింటో వద్ద దాదాపు 900 మందితో విరుచుకుపడి, దాదాపు 18 నిమిషాల్లో మెక్సికో శిబిరాన్ని చెదరగొట్టాడు. యుద్ధం ముగిసినా, పారిపోతున్నవారిని చంపడం మాత్రం చాలాసేపు ఆగలేదు. మర్నాడు పట్టుబడ్డ మెక్సికో అధ్యక్షుడు శాంటా అన్నాను ఉరితీయాలని సైనికులు అరుస్తుంటే, చీలమండ పగిలి చెట్టు కింద పడుకున్న హూస్టన్ ఒప్పుకోలేదు. చచ్చిన శాంటా అన్నా కన్నా, మిగిలిన మెక్సికో సేనలను వెనక్కి రమ్మని ఉత్తర్వు రాసే శాంటా అన్నాయే టెక్సాస్‌కు అవసరం. నా దృష్టిలో హూస్టన్ సైనికుడి నుంచి రాజనీతిజ్ఞుడిగా మారింది ఆ చెట్టు కిందే.

రెండుసార్లు అధ్యక్షుడిగా, టెక్సాస్ అమెరికాలో కలిశాక సెనేటర్‌గా పనిచేశాడు. తాను బానిసలను ఉంచుకుంటూనే, బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకడానికి వీలిచ్చే కాన్సాస్–నెబ్రాస్కా బిల్లును 1854లో వ్యతిరేకించి, దక్షిణాదివాళ్ల ఆగ్రహానికి గురయ్యాడు. అయినా 1859లో టెక్సాస్ ఆయన్నే గవర్నరుగా ఎన్నుకుంది.

[తెర మీద: ఆస్టిన్, 1861 మార్చి 16]

టెక్సాస్ అమెరికా నుంచి విడిపోయింది. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి అమెరికా నుంచి విడిపోయిన రాష్ట్రాల దక్షిణాది కూటమికి విధేయత ప్రకటించడానికి గవర్నరు పేరు పిలుస్తుంటే, హూస్టన్ కింది అంతస్తులో చెక్కముక్క చెక్కుకుంటూ కూర్చున్నాడని చెబుతారు. ఆయన ప్రమాణం చేయలేదు; పదవి పోయింది. అమెరికా అధ్యక్షుడు లింకన్ సైనిక సాయం చేస్తానన్నా, సొంత రాష్ట్రంలో నెత్తురు పారించి కుర్చీ నిలుపుకోనన్నాడు. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలయ్యాక హూస్టన్ పెద్దకొడుకు మాత్రం దక్షిణాది సేనలో చేరి 1862లో షైలో యుద్ధంలో గాయపడ్డాడు. మిసిసిపీ నది ఉత్తరాది సేనల చేతికి పూర్తిగా చిక్కిన నెలలోనే, 1863 జూలై 26న, హంట్స్‌విల్‌లో హూస్టన్ కన్నుమూశాడు.