ఆయుష్షు పెంచే మాత్రలు: శ్రోతలతో డాక్టరు గారు

యాంకర్: మల్కాజ్‌గిరి నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. నాకు 68 ఏళ్లు, రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. దసరాకు వచ్చినప్పుడు ఎన్‌ఎమ్‌ఎన్ అనే సప్లిమెంటు మాత్రల డబ్బా తెచ్చాడు, వయసు వెనక్కి పోతుంది నాన్నా అని. అది ఇంకా తెరవలేదు. మా ఆవిడకు షుగరు, మెట్‌ఫార్మిన్ వాడుతుంది. అదీ ఆయుష్షు పెంచుతుందట, పార్కులో మిత్రుడొకాయన చెప్పారు. అందుకని ఆమె మాత్రల్లోంచి రోజూ ఒకటి...

డాక్టర్: ఆగండి. మీకు షుగరు ఉందా?

శ్రోత: లేదండి.

డాక్టర్: అయితే ఆ మాత్ర ఈ రోజే ఆపేయండి. ఒకరి మందు మరొకరు వేసుకోకూడదు. షుగరు లేనివారి ఆయుష్షును మెట్‌ఫార్మిన్ పెంచుతుందని ఇంతవరకు తేలలేదు. ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో విటమిన్ బీ12 తగ్గే ప్రమాదం మాత్రం ఉంది.

శ్రోత: మరి ఆ డబ్బా వాడవచ్చా?

డాక్టర్: ఎలుకను చూసి మనిషి మందు మింగకూడదండి. ఇంకో మందు సంగతి చెబుతాను. పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి రాపమైసిన్ అనే మందు తీశారు. ముసలి ఎలుకలకు పెడితే ఎక్కువ కాలం బతికాయని 2009లో తేలింది. అదే మందును కిడ్నీ మార్చినవారికి ఇస్తాం, ఎందుకో తెలుసా? రోగనిరోధక శక్తిని అణచడానికి! ఇక ఎన్‌ఎమ్‌ఎన్‌తో మనుషులు ఎక్కువ కాలం బతికారని ఎవరూ చూపలేదు. అది అలా ఉంచండి. మీ దగ్గర కుర్చీ ఉందా?

శ్రోత: కూర్చునే ఉన్నానండి.

డాక్టర్: దాన్ని గోడకు ఆనించండి. ఫోను పక్కన పెట్టి, చేతులు గుండెల మీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోండి. నేను లెక్కపెడతాను.

(కుర్చీ కిర్రుమన్న చప్పుడు)

శ్రోత: రెండోసారికే చెయ్యి ఆనించాల్సి వచ్చిందండి. ఇదిగో, మా ఆవిడ ఐదుసార్లూ లేచింది!

డాక్టర్: అమ్మకు నా అభినందనలు చెప్పండి. ఐదుసార్లు లేవడానికి 15 సెకన్లు దాటితే కాళ్లలో బలం తగ్గినట్టే అనుకోవాలి, మీకు చెయ్యే కావాల్సి వచ్చింది. ముప్పై దాటినప్పటి నుంచి కండ మెల్లగా కరుగుతూనే ఉంటుంది. పెద్దవయసులో కాలు జారి తుంటి విరిగితే మంచం పట్టేస్తారు, చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేరు. నడక మంచిదే, అదొక్కటే చాలదు. వారానికి కనీసం రెండు రోజులు కండకు పని చెప్పండి. ఈ కుర్చీ వ్యాయామంతోనే మొదలుపెట్టండి. ముందు చేతులు ఆనించి లేవండి, పోనుపోను చేతులు లేకుండా. పూటపూటా పప్పో పెరుగో గుడ్డో తినండి.

శ్రోత: అలాగే. కానీ అబ్బాయి అంత డబ్బు పెట్టి తెచ్చాడు, రోజు విడిచి రోజైనా...

డాక్టర్: ఇప్పుడే చెప్పాను కదండీ, వద్దు. అబ్బాయి ప్రేమ ఆ డబ్బాలో లేదు. ఈసారి వచ్చినప్పుడు మీ వెంట పార్కుకు రమ్మనండి.

యాంకర్: ధన్యవాదాలు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి.

శ్రోత: డాక్టరు గారూ, మా అమ్మగారికి 74. తక్కువ తింటే ఎక్కువ కాలం బతుకుతారని విని రాత్రి భోజనం మానేశారు.

డాక్టర్: అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో 1935లో అలా తేల్చింది కూడా ఎలుకల మీదే. ఎలుకను చూసి మనిషి పస్తుండకూడదు. అమ్మగారు బరువు తగ్గారా?

శ్రోత: నాలుగు కిలోలు.

డాక్టర్: ఆ వయసులో కొవ్వుతో పాటు కండా పోతుంది. ఈ రాత్రే పెట్టండి, తల్లీ. వారంలోగా డాక్టరుకు చూపించండి.

యాంకర్: కూకట్‌పల్లి, త్వరగా అడగండి.

శ్రోత: నాకు 29 ఏళ్లు సార్. టెలోమియర్ల పొడవు పరీక్ష చేయించుకోవాలా?

డాక్టర్: వద్దు. టెలోమియర్లంటే మన కణాల్లోని క్రోమోజోముల కొసలకు ఉండే తొడుగుల్లాంటివి. వాటి మీద పరిశోధనకు 2009లో నోబెల్ వచ్చింది, గొప్ప శాస్త్రమే. కానీ మీరు ఎన్నాళ్లు బతుకుతారో ఆ పరీక్షతో తెలియదు. బీపీ ఎప్పుడు చూపించుకున్నారు?

శ్రోత: ఎప్పుడూ లేదు.

డాక్టర్: రేపు చూపించుకోండి. సిగరెట్టు...

(లైను కట్ అయింది)

యాంకర్: సమయం అయిపోయింది. డాక్టరు గారూ, ధన్యవాదాలు.

డాక్టర్: ఒక్క నిమిషం. మల్కాజ్‌గిరి వారూ, అమ్మకు బీ12 పరీక్ష చేయించండి. ఆమె మాత్రలు ఆమెకు నెలాఖరు దాకా సరిపోతాయో లేదో ఇప్పుడే లెక్క చూడండి.