లాగ్‌లో పొందూరు ఏమైపోయింది? మూడు లైన్ల ప్యాచ్ రివ్యూ

[స్క్రీన్: టెర్మినల్, ఆడిట్ లాగ్‌లో ఒక పాత్ రికార్డు]

శ్రీకాకుళంలో ఓ లైనక్స్ సర్వరు ఉందనుకోండి. అందులో ఎవరో ‘పొందూరు’ అని తెలుగులోనే పేరు పెట్టి ఫైలు సేవ్ చేశారు. ఆడిట్ లాగ్ అంటే ఎవరు ఏ ఫైలు ముట్టుకున్నారో కెర్నెల్ (లైనక్స్ మూలభాగం) చెప్పే చిట్టా. అది తెరిస్తే ఆ పేరే లేదు. నేమ్= పక్కన ‘ఈ0బీ0ఏఏ’తో మొదలయ్యే 42 అంకెల బారు ఉంది. పొందూరులో యూనికోడ్ గుర్తులు 7, గుర్తుకి 3 బైట్లు, బైటుకి 2 హెక్స్ అంకెలు (0 నుంచి 9, ఆపైన ఏ నుంచి ఎఫ్ వాడే పదహారు అంకెల పద్ధతి). లెక్క సరిపోయింది.

[స్క్రీన్: డిఫ్. రెండు మైనస్ లైన్లు, ఒక ప్లస్ లైను]

దీన్ని బాగుచేస్తానంటూ కెర్నెల్‌కి ఒక ప్యాచ్, అంటే కోడులో మార్పు. ఆడిట్_లాగ్_అన్‌ట్రస్టెడ్‌స్ట్రింగ్ తీసేసి, ఆడిట్_లాగ్_ఫార్మాట్‌లో పర్సెంట్ ఎస్ పెట్టారు, అంటే పేరుని ఉన్నదున్నట్టు రాసేయమని. కంపైల్ అవుతుంది. పొందూరు చక్కగా కనబడుతుంది కూడా. అయినా ఓకే చెప్పకండి.

ఫైలుకి పేరు పెట్టేది యూజరు. ఆ పేరులో స్లాష్, నల్ బైటు తప్ప ఏదైనా చెల్లుతుంది: స్పేసు, డబుల్ కోట్, ఆఖరికి కొత్త లైను కూడా. ఆడిట్ రికార్డులో ఫీల్డుకీ ఫీల్డుకీ మధ్య గట్టు స్పేసే. ఎవరైనా ‘ఎక్స్ యూఐడీ=0’ అని పేరు పెడితే (యూఐడీ 0 అంటే రూట్, సర్వాధికారాలున్న యూజరు), లాగ్ చదివే ప్రోగ్రాముకి అది ఇంకో ఫీల్డులా కనిపిస్తుంది. పేరులో కొత్త లైను దూర్చితే, లైనుకో రికార్డు అని చదివే చోట దొంగ రికార్డే పుట్టొచ్చు.

అందుకే తీసేసిన ఆ ఫంక్షన్ ప్రతి బైటునీ చూస్తుంది. డబుల్ కోట్ గానీ, హెక్స్ 21 కన్నా చిన్నది గానీ, 7ఈ దాటింది గానీ ఒక్కటి కనబడినా పేరు మొత్తాన్నీ హెక్స్‌లో రాస్తుంది. లేకపోతే కోట్స్ మధ్య పెడుతుంది. యూటీఎఫ్-8లో తెలుగు బైట్లన్నీ హెక్స్ 80, ఆ పైనే. తెలుగు మీద దానికి కక్షేమీ లేదు!

‘పర్సెంట్ ఎస్ చుట్టూ కోట్స్ పెడితే పోలా?’ అంటారు. పేరులోనే కోట్ ఉంటే ఆ గట్టూ తెగుతుంది.

చదవడానికి వీలుగా కావాలంటే కెర్నెల్‌ని ముట్టుకోనక్కర్లేదు. ఆడిట్ లాగ్‌ని వెతికే కమాండు ఏయూసెర్చ్‌కి హైఫన్ ఐ ఇవ్వండి, హెక్స్‌ని అదే విప్పుతుంది.

[స్క్రీన్: రూట్‌గా మూడు కమాండ్లు]

ప్యాచ్ వేసిన కెర్నెల్‌ని బూట్ చేసి, ఒక ఖాళీ డైరెక్టరీ మీద ఆడిట్‌సీటీఎల్ (ఆడిట్ నియమాలు పెట్టే కమాండు)తో వాచ్, అంటే నిఘా, పెట్టండి: హైఫన్ పీకి డబ్ల్యూఏ, హైఫన్ కేకి మీకు నచ్చిన కీ. ఆ డైరెక్టరీలోకి వెళ్లి ‘ఏ, కొత్త లైను, బీ’ అనే పేరుతో ఫైలు టచ్ చేయండి, చిన్న అక్షరాలతోనే. ఇప్పుడు ఏయూసెర్చ్ కాదు, ముడి లాగ్ ఫైలే తెరవండి. నేమ్= పక్కన 610ఏ62 అని ఒకే ముద్దగా ఉండాలి. అలా లేదా, ప్యాచ్ వెనక్కి.