"వీక్‌నెస్" అనే మాట వెనక

పెద్దలకు, అన్నదమ్ములకు నమస్కారం.

మెడికల్ షాపు కౌంటర్ వెనక ముప్పై ఏళ్లుగా నిలబడుతున్నాను. ఈ ముప్పై ఏళ్లలో మారనిది ఒకటుంది. షాపులో ఆడవాళ్లు ఉన్నంతసేపూ ఒకాయన బయటే తచ్చాడతాడు. అందరూ వెళ్లాక లోపలికొచ్చి, గొంతు తగ్గించి, "సైడ్ ఎఫెక్ట్స్ లేని ఆయుర్వేదం ఏదైనా ఉందా?" అంటాడు. దేనికండీ అంటే "వీక్‌నెస్" అంటాడు, అంతే. ఆ ఒక్క మాట వెనక షుగర్ ఉండొచ్చు, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఉండొచ్చు, గుండె జబ్బు మొదలవుతూ ఉండొచ్చు.

నేను మూలికలకు వ్యతిరేకిని కాను. మన ఎర్ర గోంగూరనే తీసుకోండి. దాని కాయ చుట్టూ ఉండే ఎర్రటి రేకుల్ని ఎండబెట్టి "హైబిస్కస్ టీ" అని అమ్ముతున్నారు. బీపీ కాస్త ఎక్కువగా ఉన్న 65 మంది మీద అమెరికాలో జరిగిన పరిశోధన 2010లో వచ్చింది. ఆ టీ రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు తాగినవాళ్లకు బీపీ పై అంకె సగటున 7 పాయింట్లు తగ్గింది. చక్కెర వేయకుండా హాయిగా తాగండి. కానీ ఆ ధైర్యంతో బీపీ మాత్ర మానేయొద్దు.

చేలో కాలికి గుచ్చుకునే పల్లేరుకాయ మనందరికీ తెలుసు. గోక్షురం పేరుతో మూత్ర సమస్యలకు ఆయుర్వేదం దాన్ని ఎప్పటినుంచో వాడుతోంది. ఇప్పుడు అదే కాయ "ట్రిబ్యులస్" పేరుతో డబ్బాలోకెక్కి, టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ పెంచుతానంటూ జిమ్ముల్లో తిరుగుతోంది. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ల మీద చేసిన పరీక్షల్లో ఆ హార్మోన్ పెరిగిన దాఖలా దొరకలేదు. రాత్రుళ్లు పదేపదే ఒంటికి లేచేవాళ్లు అడిగే సా పామెట్టో, అంటే అమెరికాలో పెరిగే ఒక తాటి జాతి మొక్క పండు, దాని సంగతీ అంతే. 2006లో 225 మంది మీద, 2011లో మోతాదును మూడింతల దాకా పెంచి 369 మంది మీద చూశారు. మందులేని ఉత్తి గుళికకూ దానికీ తేడా కనిపించలేదు.

పెన్నేరు గడ్డ, అంటే అశ్వగంధ, కొందరికి టెన్షన్ తగ్గించి నిద్ర పట్టిస్తుందని చిన్న చిన్న పరిశోధనలు చెబుతున్నాయి. కాదనను. అయితే అది వాడాక కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దాని జోలికి పోవద్దు. ఆకు వాడొద్దు, వేరు మాత్రమే వాడమని 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తయారీదారులకు చెప్పింది. డబ్బా మీద వేరో ఆకో చూసి కొనండి.

నాకు నిజంగా భయం వేసేది కల్తీ. 2007 నుంచి 2016 దాకా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 776 సప్లిమెంట్లలో రహస్యంగా కలిపిన మందులు పట్టుకుంది. వాటిలో దాదాపు సగం మగతనం పెంచుతామని చెప్పుకున్నవే. ఆ మగతనం మందుల్లో ఎక్కువగా దొరికింది సిల్డెనాఫిల్, అంటే వయాగ్రాలో ఉండే మందు. గుండె నొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునే మనిషి, తెలియక ఇలాంటి చూర్ణం తింటే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ప్రాణమే పోవచ్చు. అరగంటలో గుణం చూపించే మూలిక దొరికిందంటే సంతోషపడకండి, అనుమానపడండి.

మా వీధిలో ఒకాయన రాత్రుళ్లు నాలుగైదు సార్లు లేవాల్సి వస్తోందని ఎనిమిది నెలలు గుడారంవాళ్ల చూర్ణం వాడాడు. చివరికి కాలి పుండు మానక ఆస్పత్రికి వెళితే షుగర్ అని తేలింది. ఆ ఎనిమిది నెలల్లో ఎన్నోసార్లు నాకు ఎదురుపడి నమస్కారం పెట్టాడు. ఒక్కసారైనా విషయం చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అంగానికి రక్తం తీసుకెళ్లే నాళాలు గుండె నాళాలకన్నా సన్నవి. అందుకే పూడిక వస్తే తేడా చాలామందికి ముందు అక్కడే తెలుస్తుంది, గుండె నొప్పి తర్వాతెప్పుడో వస్తుంది. పడకగదిలో ఇబ్బంది మొదలైతే బలం మందు కొనేముందు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకోండి. మూత్రంలో రక్తం కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇప్పటికే ఏదైనా చూర్ణం వాడుతుంటే ఆ డబ్బా వెంట తీసుకెళ్లి చూపించండి.

మీ కుర్చీల మీద తెల్ల చీటీలు పెట్టించాను. అడగాలనుకున్నది పేరు లేకుండా రాసి ఈ పెట్టెలో వేయండి. ఒక్కొక్కటీ తీసి జవాబు చెబుతాను.